అయిదు సంచార సేవలు

"వంద రోజుల్లో ప్రజల గుమ్మం ముందుకు అయిదు సంచార సేవలు వస్తాయి. ఇది వాగ్దానం కాదు, శపథం!" అని మా పట్టణ ఛైర్మన్ గారు ప్రకటించినప్పుడు నేను సభలో మూడో వరసలో ఉన్నాను. అంబులెన్స్, గ్రంథాలయం, ఫైరింజన్, మంచినీళ్లు, ఫిర్యాదుల స్వీకరణ. ఒక్కో పేరు చెప్పినప్పుడల్లా ఆయన ఒక్కో వేలు మడిచారు. చివరికి పిడికిలి తయారైంది. దాన్ని పైకెత్తారు. మొదటి రెండు వరసలూ చప్పట్లు కొట్టాయి. మూడో వరస కూడా వెనకబడలేదు.

నాది స్టిక్కర్ల దుకాణం. బండ్లకు వినైల్ ఫిల్మ్ అంటించడం నా వృత్తి. రంగు వెలిసిపోయిన బండికి పెయింటు వేయించే ఓపిక లేనివాళ్లు నా దగ్గరికి వస్తారు. బండిని కడిగి, తడి లేకుండా తుడిచి, ఫిల్మ్ పరిచి, రబ్బరు అంచుతో నొక్కుకుంటూ పోతే లోపలి గాలి బయటికి పోతుంది. మూలల్లో కాస్త వేడి తగిలిస్తే చర్మంలా అతుక్కుంటుంది. మర్నాడు బండి సొంతదారే దాని పక్కనుంచి వెళ్తూ, ఎవరిదో కొత్త బండి అనుకుంటాడు. అంతకుమించి గొప్ప చెప్పుకోదగ్గ విద్యేమీ కాదు.

ఎనభై అయిదో రోజున ఛైర్మన్ గారు స్వయంగా మా దుకాణానికి దయచేశారు. ఆయన వెనకాల మునిసిపాలిటీ పికప్ బండి వచ్చి ఆగింది. వెనక రేకు పెట్టె బిగించిన, ఏళ్ల తరబడి నీటి పైపులు మోసిన బండి అది. దాని రంగేమిటో చెప్పడం కష్టం. ఒకప్పుడు నీలమేనని దాని డ్రైవరు అంటాడు. ఆ డ్రైవర్ని ఊరంతా 'నిదానం' అని పిలుస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఎవరినీ గుద్దలేదు, ఎవరినీ దాటనూ లేదు.

"అంబులెన్స్ కావాలయ్యా," అన్నారు ఛైర్మన్ గారు.

నేను గాభరాగా ఫోన్ అందుకున్నాను. "ఎవరికేమైంది సార్?"

"ఎవరికీ ఏమీ కాలేదు. దీన్ని అంబులెన్స్ చెయ్యాలి. రేపు ప్రారంభోత్సవం."

"మరి లోపల మంచం, ఆక్సిజన్..."

"అవి లోపలి సంగతులు. ముందు పైది కానీ. కొత్త మనిషి ఎదురైతే ముందు చొక్కా చూస్తావా, ఊపిరితిత్తులు చూస్తావా?"

నేను ఫోన్ జేబులో పెట్టి, నా చొక్కా ఓసారి చూసుకున్నాను. మహానుభావులతో వచ్చే చిక్కే అది.

"కొత్త బండ్లు వస్తాయన్నారు కద సార్?"

"వస్తున్నాయి. బండ్లు ఆర్డర్లో ఉన్నాయి. ఆర్డరు ఫైల్లో ఉంది. ఫైలు దారిలో ఉంది. అవి వచ్చేదాకా ప్రజల్ని ఖాళీగా కూర్చోబెట్టమంటావా?"

ఆయనకు ప్రజల మీదున్న ఆదుర్దాకి నా కళ్లు చెమర్చాయి. సాయంత్రానికల్లా బండి తెల్లగా మారింది. రెండు వైపులా ఎర్రటి పట్టీలు, పెద్ద అక్షరాలు. నిదానం బండి చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

మర్నాడు ఛైర్మన్ గారు రిబ్బన్ కత్తిరించారు. మొదటి వరసలో వాళ్లమ్మగారు కూర్చున్నారు. కొడుకు ప్రారంభోత్సవం ఏదీ ఆవిడ తప్పిపోనివ్వరు. "ఒకటైంది, ఇంక నాలుగు," అని పక్కావిడకి వేళ్ల మీద లెక్క చూపించారు. "మావాడు చిన్నప్పట్నించీ అంతే. అన్నాడంటే చేస్తాడు."

మూడు రోజుల తర్వాత నేను ఆ తెల్ల ఫిల్మ్ అంతా ఒలిచేసి, ఆకుపచ్చది వేశాను. గ్రంథాలయం. మళ్లీ రిబ్బన్, మళ్లీ చప్పట్లు. అమ్మగారు రెండో వేలు మడిచారు.

ఇక్కడ నిదానం గురించి ఒక మాట చెప్పాలి. అతను బండి మీద ఏం రాసుంటే అది చేసే మనిషి. అంబులెన్స్‌గా ఉన్న మూడు రోజుల్లో ఏడుగురిని ఆసుపత్రికి చేర్చాడు. కొంచెం ఆలస్యంగా చేర్చినా అందర్నీ చేర్చాడు. గ్రంథాలయం అయ్యాక పుస్తకాల కోసం వచ్చినవాళ్లని ఖాళీ చేతులతో పంపితే బాగుండదని, తన దగ్గరున్న ఒకే ఒక్క పుస్తకాన్ని, అంటే బండితో పాటు వచ్చిన రిపేరు మాన్యువల్‌ని, లోపల పెట్టాడు. ఒక టైలరు దాన్ని ఇంటికి తీసుకెళ్లి రెండు రోజుల్లో చదివి తిరిగిచ్చాడు. రెండో భాగం ఉందా అని కూడా అడిగాడట.

"ఈ వారం నేనెవర్నండి?" అని నిదానం నన్ను అడిగేవాడు, టీ గ్లాసు పట్టుకుని.

"ఫైరింజన్‌వి కావచ్చు."

"అయితే బిందె ఒకటి పెట్టుకోవాలి," అనేవాడు.

ఇలా తాపీగా, వారానికి రెండు సేవల చొప్పున నడిచిపోవలసిన వ్యవహారం అది. ఇంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. వందో రోజున మంత్రిగారు వస్తున్నారు. అయిదు సేవల్నీ ఒకేసారి, ఒకే వేదిక మీదనుంచి చూస్తారట.

ఛైర్మన్ గారు మా దుకాణంలో స్టూలు మీద కూర్చుని పికప్ వైపు చాలాసేపు చూశారు. నాకు జాలేసింది.

"ఏమయ్యా, బండికి ఎన్ని ముఖాలుంటాయి?" అన్నారు చివరికి.

"ముందొకటి సార్."

"వెనక?"

"వెనకొకటి."

"పక్కలు?"

"రెండు."

ఆయన స్టూలు మీదనుంచి లేచారు. "మొత్తం నాలుగు. ఇంకొక్కటి కావాలి..." బండి చుట్టూ తిరిగారు. కిందికి వంగి చూశారు. పైకి చూశారు. అక్కడ ఆగిపోయారు. "పైకప్పు! పైకప్పు మీద ఫిర్యాదుల స్వీకరణ. పైనున్న వాళ్లకి మాత్రమే కనిపిస్తుంది. ఫిర్యాదులు వెళ్లాల్సింది కూడా పైవాళ్లకే కదా!"

పథకం ఇదీ. బండి వేదిక ముందునుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కనిపిస్తుంది. అది అంబులెన్స్. మునిసిపాలిటీ భవనం వెనకనుంచి చుట్టు తిరిగి మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి వచ్చేటప్పుడు ఎడమవైపు కనిపిస్తుంది. అది గ్రంథాలయం. తర్వాత ఎదురు సందులోంచి నేరుగా వేదిక వైపుకి వస్తుంది. అప్పుడు ఫైరింజన్. అదే సందులోంచి రివర్సులో వస్తే మంచినీళ్లు. ఆఖర్న వేదిక కిందికి వచ్చి ఆగితే, ఎత్తులో కూర్చున్న మంత్రిగారికి పైకప్పు.

నాకొక సందేహం వచ్చింది. "సార్, పక్కనుంచి వెళ్లేటప్పుడు ముందు భాగం కూడా కనిపిస్తుందేమో? అది ఎర్రగా ఉంటుంది."

ఛైర్మన్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "పిచ్చివాడా! జనానికి ముందుచూపు ఉంటే నేను గెలిచేవాణ్ణా?"

వినయమంటే అదీ.

రెండు రోజులు నేనూ నిదానం కలిసి పనిచేశాం. ఒకే బండి మీద అయిదు రకాల ఫిల్మ్ అతకడం తేలిక కాదు. మూలల దగ్గర తెలుపు ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ ఎరుపులోకి దిగకుండా బ్లేడుతో గీసుకుంటూ రావాలి. పూర్తయ్యాక నిదానం బండి చుట్టూ తిరిగాడు. ఈసారి దువ్వెన తియ్యలేదు.

"ఇంతకీ నేనెవర్నండి?" అన్నాడు.

"ఎటునుంచి చూస్తే అది," అన్నాను. మంత్రివర్గంలో చేర్చుకోదగ్గ జవాబని అతను మెచ్చుకున్నాడు.

వందో రోజు ఎండ మండిపోతోంది. మంత్రిగారు రావలసిన దానికన్నా రెండు గంటలు ఆలస్యంగా, అంటే సరిగ్గా వేళకి వచ్చారు. వేదిక మీద నీడ ఉంది. కింద లేదు. మొదటి వరసలో అమ్మగారు పొద్దున్న ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నారు. కొడుకు తెచ్చిన అయిదు బండ్లూ చూశాకే తింటానని ఇంట్లో అన్నారట.

"ఇదిగో, మీ ప్రాణాలకు భరోసా! సంచార అంబులెన్స్!" అని ఛైర్మన్ గారు మైకులో గర్జించారు. బండి తెల్లగా, గంభీరంగా, నడిచే మనిషికన్నా కాస్త వేగంగా సాగిపోయింది. చప్పట్లు మోగాయి. మంత్రిగారు తలూపారు. బండి మలుపు తిరిగి భవనం వెనక్కి వెళ్లింది.

అప్పుడే మొదటి వరసలో కుర్చీ పడిన చప్పుడైంది. అమ్మగారు పక్కకి ఒరిగిపోయారు. ఎవరో నీళ్లు చల్లారు. లేవలేదు. "అంబులెన్స్! అంబులెన్స్‌ని పిలవండి!" అని నాలుగు వైపులనుంచీ కేకలు. "ఇప్పుడే వెళ్లింది, ఇంకా ఎంతో దూరం పోయుండదు!" అని ఎవరో అటు పరుగెత్తారు.

ఛైర్మన్ గారు వేదిక మీదనుంచి దూకేశారు. మెట్లున్నాయని కూడా చూసుకోలేదు. వాళ్లమ్మ తల ఒళ్లో పెట్టుకుని, "అమ్మా! అమ్మా!" అన్నారు. చేతిలో మైకుందన్న సంగతి మర్చిపోయారు. ఆయన రాజకీయ జీవితంలో అది మొదటిసారి అనుకుంటాను.

ఇటువైపునుంచి గ్రంథాలయం వచ్చింది. ఆకుపచ్చగా, నింపాదిగా.

"ఆపరా! నిదానం, ఆపు!"

నలుగురం కలిసి ఆవిణ్ణి లేవదీశాం. ఆవిడ కళ్లు సగం తెరిచి బండిని చూశారు. గొంతు సన్నగా ఉంది కాని మైకు దగ్గరగా ఉంది.

"ఇది పుస్తకాల బండి కదరా... ఇందాక వెళ్లిందే, దాన్ని పిలువు..."

"రెండూ ఒకటేనమ్మా!" అని ఏడుపు గొంతుతో అరిచారు ఛైర్మన్ గారు. "అయిదూ ఒకటేనమ్మా! ఎక్కమ్మా ముందు!"

ఆ మాట ఎనిమిది లౌడ్‌స్పీకర్లలో పలికింది. బజారు చివరిదాకా వినిపించిందని తర్వాత చెప్పారు. తలుపు మూసుకుంది. నిదానం ఆ రోజు హారన్ మోగిస్తూ ఒక బస్సుని, రెండు ఆటోలని దాటుకుంటూ పోయాడు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

మంత్రిగారు లేచి ఇంకో మైకు అందుకున్నారు.

"విన్నారా?" అన్నారు. "రెండూ ఒకటే అన్నాడు! వైద్యం ఒంటికి మందు, పుస్తకం మనసుకి మందు. అయిదూ ఒకటే అన్నాడు! నిప్పు, నీరు, ప్రజల గోడు, అన్నీ ఒకటే! కన్నతల్లి ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా ఇంత లోతైన మాట అన్న నాయకుణ్ణి నేను చూడలేదు."

సభ దద్దరిల్లిపోయింది. మూడో వరస లేచి నిలబడింది. ఎవరో మిగతా మూడు బండ్లూ ఏవని అడిగితే, "డ్యూటీలో ఉన్నాయి. పనిచేసే బండి సభలకి వస్తుందా?" అన్నారు మంత్రిగారు. అడిగినాయన కూడా చప్పట్లు కొట్టాడు.

అరగంటకి నిదానం ఫోన్ చేశాడు. షుగరు పడిపోయిందట, గ్లూకోజు ఎక్కించారు, అమ్మగారు లేచి కూర్చున్నారు. డాక్టరుతో, "మావాడు నన్ను లైబ్రరీలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు" అని చెబుతున్నారట. ఛైర్మన్ గారు మంచం పక్కన నేల మీదే కూర్చున్నారనీ, బండిలో పరుపు లేక వాళ్లమ్మ మోచెయ్యి రేకుకి కొట్టుకుని కమిలిందని పదే పదే దాన్నే చూస్తున్నారనీ చెప్పాడు. "రేపు దాంట్లో ఒక మంచం వేయిద్దాంరా అన్నారండి," అన్నాడు నిదానం. "కళ్లు తుడుచుకుంటూ అన్నారు. పేపరువాళ్లు ఎవరూ లేరండి అక్కడ." అందుకే నేను నమ్మాను.

ఫోన్ పెట్టేసేసరికి, మంత్రిగారు నన్ను మునిసిపాలిటీ భవనంలో లోపలి గదికి రమ్మంటున్నారని కబురొచ్చింది. బ్లేడు జేబులో దాచుకుని వెళ్లాను. ఆయన అందర్నీ పంపేసి, తలుపు తానే వేశారు.

"ఆ పని నీదేనా?"

"సార్, నేను చెప్పింది చెప్పినట్టు..."

"భయపడకు. వేదిక మీద నేను చివర కూర్చున్నాను. అంబులెన్స్ మలుపు తిరుగుతుంటే గ్రంథాలయం కనిపించింది. చాలా చక్కటి పని. ఎక్కడా ఒక్క బుడగ లేదు."

నా గుండె నిండిపోయింది. ఈ వృత్తిలో బుడగ ఉంటే తిట్టేవాళ్లే కాని, లేదని గుర్తించేవాళ్లు ఉండరు.

"ఈ ఫిల్మ్ ఎంత వెడల్పు వస్తుంది?"

"అయిదడుగులు సార్. పక్కపక్కన అతుక్కుంటూ పోతే ఎంతకైనా సరిపోతుంది."

"ఎన్నాళ్లు ఉంటుంది?"

"ఎండా వానా తగిలినా అయిదేళ్లు గ్యారంటీ సార్."

ఆయన ముఖం విచ్చుకుంది. "అయిదేళ్లు చాలు." జేబులోంచి ఒక రంగుల బొమ్మ తీసి బల్ల మీద పరిచారు. నాలుగంతస్తుల ఆసుపత్రి. వరసగా కిటికీలు, ముందు పూలమొక్కలు, గుమ్మంలో నవ్వుతున్న నర్సు. "ఎల్లుండి దీని ప్రారంభోత్సవం. గోడలకి అంటుకుంటుందా?"

"ఎందుకంటుకోదు సార్? గోడ నున్నగా ఉండి, దుమ్ము లేకుండా ఓసారి కడిగిస్తే చాలు."

మంత్రిగారు వెళ్లి కిటికీ రెక్కలు కూడా మూశారు. తర్వాత నా పక్కకి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"గోడ లేకపోతే?"