కారు కింద అల్లుడు

అత్తారింటి విందు ఎగ్గొట్టాలనుకుంటే కడుపునొప్పి అని చెప్పండి, అంతేగాని కారు విప్పకండి. నేను విప్పి అనుభవించాను.

మా జర్కా పట్నం నుంచి అజ్లూన్ కొండ మీది అత్తారింటికి గంటన్నర ప్రయాణం. ప్రతి శుక్రవారం తప్పదు. మామగారు హాజీ మిఖ్లిద్ ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. పళ్లెం చుట్టూ కూర్చున్నామా, ఆయన కథల్లో ఆ బస్సు మళ్లీ ప్రతి మలుపూ తిరిగి రావాల్సిందే. ఒక్క శుక్రవారం ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకోవాలని ఆశపడ్డాను, అంతే!

ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడు ఎప్పటినుంచో ఉంది. చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. గురువారం సాయంత్రం కొత్త ఆర్మ్‌లు తెచ్చి, వాకిట్లో కారుకు జాకీ వేసి, రెండు చక్రాలూ ఊడదీశాను.

మా ఆవిడ రుదైనా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆరు నెలల చప్పుడు మీకు ఇవాళే వినిపించిందా, అబూ నిజార్?"

"ప్రాణాల కంటే విందు ఎక్కువేమిటే!"

"రేపటికి బిగిస్తారా?"

"బాల్ జాయింట్ మొండికేసింది. అంతా దేవుడి దయ."

"దేవుణ్ణెందుకు లాగుతారు, పాపం!" అని లోపలికి వెళ్లి పుట్టింటికి ఫోను చేసింది. నేను కారు కిందే పడుకుని ఈల వేసుకున్నాను.

మర్నాడు నమాజు నుంచి వచ్చి ఆర్మ్‌లు ఎక్కించి, బోల్టులు బిగిస్తున్నాను. వీధిలో వ్యాను ఆగింది. మామగారు, అత్తగారు, ముగ్గురు బావమరుదులు, వాళ్ల భార్యలు, లెక్కలేనంతమంది పిల్లలు, చివరగా ఇద్దరు పట్టుకుని దించిన, పెరుగు పులుసులో ఉడికిన మాంసమూ అన్నమూ ఉన్న మన్సఫ్ గంగాళం! అల్లుడు రాకపోతే విందే అల్లుడి దగ్గరికి వస్తుందని ఈ మట్టిబుర్రకు తట్టలేదు.

అందరూ లోపలికి వెళ్లారు. మామగారు మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషాతోనే కారు కిందికి దూరారు.

"మామయ్యా, బట్టలు!"

"పానా ఇటివ్వు. చక్రాలు గాల్లో ఉండగా ఎవడైనా బిగిస్తాడా? కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే బుష్ రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది."

బోల్టులు వదులు చేసి, చక్రాలు వేసి, వాటి కింద దిమ్మలు పెట్టి కారు దించి, మళ్లీ దూరి బిగించారు. బయటికొచ్చేసరికి ఆ బట్టలు చూడబుద్ధి కాలేదు. నడుం పట్టుకుని నా పక్కనే కూలబడ్డారు.

"బాల్ జాయింట్ బుద్ధిగానే ఉంది, నాయనా. నా కథలంటే విసుగొచ్చిందా?"

"అయ్యో, అదేం లేదు మామయ్యా..."

"మా వాళ్లు వినడం ఎప్పుడో మానేశారు. చివరిదాకా కూర్చునేది నువ్వొక్కడివే. అందుకే నీకు చెబుతుంటాను."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంత పని చేశానని ఏడుపొచ్చింది. ఆయన చేతి గ్రీజు తుడవబోయి మోచేతిదాకా పూశాను.

"పోనీలే, ఇకమీదట మేమే కొండ దిగి వస్తాం," అన్నారాయన.

"వద్దు మామయ్యా! మీరు కష్టపడొద్దు. మేమే వస్తాం. నెలకు నాలుగు శుక్రవారాలూ వస్తాం!"

కిటికీలోంచి రుదైనా తల బయటపెట్టింది.

"ఐదు శుక్రవారాలొచ్చే నెలలో?"

"ఐదూ వస్తాను, తల్లీ," అన్నాను.