మూడు ఒత్తుల పార్టీ

నీళ్ల మీద మొదలై, నేల మీద సాగి, అడవిలో ముగిసే ప్రయాణాన్ని మనిషి పుట్టినప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాడు. దానికి దరఖాస్తు ఫారం తయారు చేసిన ఘనత మాత్రం మన కాలానికే దక్కింది.

ఆ ఫారం పేరు ‘జల స్థల వన సంయుక్త విహారయాత్ర, నమూనా ఒకటి’. జమ్మలమడుగు పక్కన మైలవరం రిజర్వాయరులో లాంచీ ఎక్కి రెండు గంటలు విహరించి, ఆ తర్వాత బస్సెక్కి, ప్రొద్దుటూరు మీదుగా లంకమల అడవికి చేరి, జంతువులను వాటి ఇళ్లలోనే చూసి రావడం యాత్ర సారాంశం. (మొదటి ప్రణాళికలో పులివెందుల లేదు. ఎందుకు లేదని పులివెందుల వాళ్లు అడిగారు. అందువల్ల అడవి తూర్పున ఉన్నా బస్సు ముందు దక్షిణానికి పోయి, పులివెందుల బస్టాండులో పది నిమిషాలు నిలబడి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి వస్తుంది.)

యాత్రకు ప్రత్యేకాధికారిగా బదరీనారాయణ గారిని వేశారు. ఆయన కోస్తా మనిషి. సముద్రం పక్కన పుట్టాడు కాబట్టి రిజర్వాయరు ఆయనకు లెక్క కాదని పైవాళ్లు అనుకున్నారు. ఫారం కూడా పైనుంచే వచ్చింది. ఇంగ్లీషులో రాసిన దాన్ని ఎవరో తెలుగు చేసి, ఒక్క మాటను మాత్రం ఇది ఎలాగూ తెలుగే కదా అని అట్లాగే వదిలేశారు. నాలుగో గడి: మీ పార్టీలో ఎందరు? ఐదో గడి: పార్టీ నాయకుని పేరు. ఆరో గడి: పార్టీలో గుండెజబ్బు ఉన్నవారు.

ఇంగ్లీషులో పార్టీ అంటే కలిసి ప్రయాణం చేసే నలుగురట. మా మూడు ఊళ్లలో ఆ మాటకు ఒకటే అర్థం. అది తెలియకుండా పెద్దవాళ్లయిన వాళ్లు మాలో లేరు, ఎందుకంటే తెలియని వాళ్లు పెద్దవాళ్లు కాలేదు.

నాకు లంకమలలో పని ఉంది. మా ఆయన గురప్ప గొర్రెల కాపరి. వానలు లేని ఏడాది మందను తోలుకుని లంకమల దాకా పోయి, మూడు నెలలు అక్కడే ఉండేవాడు. ఆయన మూడో తరగతి చదివాడు. నేను బడి గడప తొక్కలేదు. ఒక ఏడు తిరిగొచ్చి, అక్కడ నీటిగుండం పక్కన ఏనుగంత బండ ఉందని, దాని మీద రాయితో కొట్టి నా పేరు చెక్కానని చెప్పాడు.

“నీ పేర్లో మూడు ఒత్తులుండాయి మే. ఒకటి మర్సిపోయినా. యాది మర్సినానో గుర్తు రాలే. నువ్వే పోయి సూసుకో” అని నవ్వాడు.

ఒత్తంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. తెలిసినట్టే తిట్టాను.

ఆ మరుసటి ఏడు మందతో ఇంటికి వస్తూ ఒక ఊరి పొలిమేరలో పోయాడు. ఆ పూట ఆ ఊళ్లో రెండు పార్టీలూ కలబడి ఉన్నాయి. (ఆయనది ఏ పార్టీ అని అడిగి తెలుసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. అప్పటికి ఫారం రాలేదు.)

యాభై రెండో ఏట నేను వయోజన విద్యా కేంద్రంలో చేరాను. నా పక్కన మా వీధిలోని దిల్షాద్‌బీ కూర్చునేది. ప్రొద్దుటూరులో అన్నిటికంటే పెద్ద అక్షరాలు గోడల మీద ఉంటాయి కాబట్టి మేము గోడలు చదివి నేర్చుకున్నాం. పుస్తకం బయట నేను తడబడకుండా చదివిన మొదటి వాక్యం, ‘ఈ గోడ ఎన్నికల వరకు మా పార్టీకి రిజర్వు’. ముందు సున్నం కొడతారు, దాని మీద ఎర్రరంగుతో రాస్తారు, కింద గుర్తు వేయడానికి ఖాళీ వదులుతారు. గోడ గలవాళ్లను అడగడం ఆచారం కాదు.

ఫారాలు ఇచ్చిన మొదటి రోజే నేను జమ్మలమడుగు ఆఫీసులో వరుసలో నిలబడ్డాను. నాలుగు, ఐదు గడులు ఖాళీగా వదిలి, పదకొండో గడిలో, అంటే యాత్ర ఉద్దేశం దగ్గర, ‘లంకమలలో గుండం పక్కన బండ మీద నా పేరు ఉంది. చూసుకోవాలి’ అని రాశాను. బదరీనారాయణ గారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

“అమ్మా, పార్టీ గడి వదిలేశారండి.”

“నాకు పార్టీ లేదు సార్.”

“అలా కుదరదమ్మా. ఒక్కరొచ్చినా పార్టీయే. పార్టీలో ఒకరు, నాయకుడి పేరు దగ్గర మీ పేరే రాసెయ్యండి.”

అధికారి చెప్పాడు కదా అని రాశాను. పార్టీలో ఎందరు: ఒకటి. నాయకుని పేరు: పెద్దసుబ్బమ్మ. మూడు ఒత్తులూ వేశాను. నా వెనక నిలబడిన మనిషి తొంగి చూసి, వరుస వదిలి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు రెండు వందల పన్నెండు ఫారాలు వచ్చాయి. రిజర్వాయరుకు ఉత్తరపు గట్టు సంజీవయ్యది, దక్షిణపు గట్టు నరసింహులుది. (రెవెన్యూ రికార్డుల్లో రెండు గట్లూ ప్రభుత్వానివే. రికార్డులు గట్టు మీదికి రావు.) జనం ఐదో గడిలో ఎవరి గట్టును బట్టి వాళ్లు పేరు రాశారు. మూడో రోజుకల్లా ఇద్దరు పెద్దమనుషులూ జాబితాలు తెప్పించుకున్నారు. సంజీవయ్య పేరు రాసినవాళ్లలో పదకొండు మంది ఆయనకు తెలియనే తెలియదు. రాయవలసిన నలుగురు రాయలేదు. ఆ నలుగురికి కబురు వెళ్లింది. ఓటర్ల జాబితా కూడా ఇంత నిజాయితీగా ఎప్పుడూ తయారు కాలేదని రెండు గట్లూ ఒప్పుకున్నాయి. రెండు గట్లూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

ఇక్కడ మాట అర్థం వేరని బదరీనారాయణ గారికి అప్పుడు తెలిసింది. ‘పార్టీ’ కొట్టేసి ‘బృందం’ అని రాయిస్తానన్నారు. పదివేల ఫారాలు అచ్చయి ఉన్నాయని పైవాళ్లు అన్నారు. మాటలో ఏ తప్పూ లేదని రెండు గట్లూ అన్నాయి.

జాబితా చివరన మిగిలిన పేరు నాది. జిల్లాలో మూడో పార్టీ పుట్టిందని, దాని నాయకురాలు ఆడమనిషని, అది లంకమలలో ఒక బండను తనదని చెబుతోందని నివేదిక తయారైంది. నిబంధనల ప్రకారం పార్టీ నాయకులకు ముప్పు ఉంటుంది కాబట్టి నాకు లాల్ బాషా అనే గన్‌మ్యాన్‌ను ఇచ్చారు. పార్టీ నాయకుల వల్ల ఇతరులకు కూడా ముప్పు ఉంటుంది కాబట్టి నా మీద బైండోవర్ కేసు పెట్టి, ప్రతి ఆదివారం స్టేషనుకు వచ్చి సంతకం చేయమన్నారు. నన్ను కాపాడే లాల్ బాషానే నన్ను స్టేషనుకు తీసుకుపోయేవాడు. సంతకం పెట్టడం నాకు ఇష్టమే. ముందంతా వేలిముద్ర వేసినదాన్ని. బుక్కులో నా గడి అన్నిటికంటే శుభ్రంగా ఉంటుందని రైటరు మెచ్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సంజీవయ్య మనిషి వెంకటేశు మా ఇంటికి వచ్చాడు. గడప బయటే చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“అక్కా, నీ పార్టీలో ఎంతమందుండారు?”

“నేనొక్కదాన్నే ప్పా.”

అతను వెనక వాకిలి వైపు చూశాడు. ఇంటి కప్పు వైపు చూశాడు.

“శానా జాగ్రత్తగా నడుపుతాండావు” అన్నాడు. “మా పెద్దాయనే అనె, మనిసిని బయటపెట్టకుండా పార్టీ నడిపేది ఆయమ్మేనని.”

కలిసిపోతే బండకు అడ్డం రామని అతను కబురు చెప్పాడు. సాయంత్రం నరసింహులు మనిషి కూడా వచ్చి, అదే మాట, అదే గోడకు ఆనుకుని చెప్పాడు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను. ఇద్దరూ ముందు నన్ను తాగమన్నారు.

దిల్షాద్‌బీ తనను కూడా పార్టీలో చేర్చుకోమంది. “నీకు ఒత్తులు నేర్పిందే నేను. నాకు ఉపాధ్యక్షురాలి పదవి గూడా ఇయ్యవా” అని దెప్పింది. ఆఫీసులో అడిగితే, ఒకరున్నంతవరకే పార్టీ చీలకుండా ఉంటుందని, రెండో మనిషి చేరితే నాలుగో పార్టీకి కూడా గన్‌మ్యాన్‌ను వెతకాలని బదరీనారాయణ గారు చేతులు జోడించారు.

అప్పటికి ఆయన సన్నబడ్డారు. నా బండ సంగతి ఏమైందని అడిగాను.

“దాని గురించి మీరు దిగులు పడకండమ్మా. ఎవరూ దాని జోలికి రాకుండా పక్కా ఏర్పాటు చేశాం” అన్నారు. మంచి మనిషి అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

మొదటి యాత్ర కార్తీక మాసంలో బయలుదేరింది. లాంచీ ఏ గట్టు నుంచి బయలుదేరాలో తేలక, ఎక్కడానికి ఒక గట్టు, దిగడానికి ఒక గట్టు పెట్టారు. లైఫ్ జాకెట్లకు ఏ పార్టీదీ కాని రంగు దొరకనందువల్ల వాటికి గోనె సంచులు తొడిగారు. అటు ఇరవై మంది, ఇటు ఇరవై మంది కూర్చున్నారు. ఒక పక్క ఒక్కరు ఎక్కువైనా లాంచీ ఒరుగుతుందని సరంగు చెప్పాడు. రెండు పక్షాలూ తలకాయలు లెక్కపెట్టి ఒప్పుకున్నాయి. మా పార్టీని నడిమధ్యన, ఇంజిను పెట్టె మీద కూర్చోబెట్టారు. అక్కడ కాలుతుంది. కానీ దృశ్యం బాగుంటుంది.

లాంచీ రెండు గట్లకూ సమదూరంలో పోవాలని నియమం. ఉత్తరంగా ఒక కొంగల గుంపు వాలితే అటువైపు ఇరవై మంది చూశారు. ఇటువైపు వాళ్లు, తమ కొంగలు వచ్చేదాకా ఆగారు. రెండు గంటల విహారంలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అధికారులు దీన్ని ప్రశాంతత అని రాసుకున్నారు.

తర్వాత బస్సులు మూడు. ఒకటి వాళ్లది, ఒకటి వీళ్లది, ఒకటి నాది. యాభై రెండు సీట్ల బస్సులో నేను, లాల్ బాషా, డ్రైవరు పులివెందుల దాకా పోయి నిలబడి వచ్చాం. ప్రొద్దుటూరులో పోలీసులు మూడు బస్సుల్లోనూ సీట్ల కింద వెతికారు. నా సీటు కింద సద్దిమూట దొరికింది. విప్పి చూసి, రొట్టెలని నమోదు చేసుకుని, తిరిగి కట్టి ఇచ్చారు.

దారిలో లాల్ బాషాకు ఒత్తు సంగతి చెప్పాను. అతను తుపాకీ మోకాళ్ల మధ్య పెట్టుకుని, వేలితో గాలిలో నా పేరు రాసి చూసుకున్నాడు.

“బ కింద ఒత్తే పోయింటుందమ్మా. రాతి మీద సున్న చుట్టేది కష్టం.”

“నాకైతే ద కింద ఒత్తని ఉంది. ఆయన ఎప్పుడూ నన్ను పెద్ద అని పిలవలే” అన్నాను.

రెండు టీలు పందెం కాశాం.

అడవి మొదట్లో గార్డు గేటు తీశాడు. లంకమల రిజర్వు ఫారెస్టు అని బోర్డు ఉంది. తడబడకుండా చదివాను. అక్కడి నుంచి నడక. కలివి పొదలు, ఎండిన వాగు, వాగు చివర గుండం. మా ఆయన చెప్పినట్టే ఉంది. గుండం పక్కన, ఏనుగంత బండ.

బండ తెల్లగా ఉంది.

సున్నం రెండు పూతలు పడింది. దాని మీద నిలువెత్తు ఎర్ర అక్షరాలు: ‘ఈ బండ పెద్దసుబ్బమ్మ పార్టీకి రిజర్వు’. కింద గుర్తు కోసం జానెడు ఖాళీ. కొంచెం అవతల చిన్నవి రెండు బండలు, ఒకటి సంజీవయ్యకు, ఒకటి నరసింహులుకు. మూడు పార్టీలకూ అన్యాయం జరగకూడదని నియమం ఉంది. అడవి ముందే రిజర్వు కాబట్టి అటవీశాఖ అభ్యంతరం చెప్పలేదట.

బదరీనారాయణ గారు ముందుగానే వచ్చి బండ పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

“మీరు రాసింది నిజమేనమ్మా, దీని మీద ఏవో గీతలు ఉండేవి. వాటి మీద సున్నం నిలవలేదు. మనిషిని పెట్టి ఉలితో నున్నగా చెక్కించి, అప్పుడు పూయించాను. పేరు ఇప్పుడు దూరానికి కూడా కనిపిస్తుంది.”

బండ మీద చెయ్యి వేసి చూశాను. నున్నగానే ఉంది. చేతికి సున్నం అంటింది. లాల్ బాషా నావైపు చూడకుండా గుండం వైపు చూశాడు. పందెం సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు నమూనా రెండు ఇచ్చారు. అందులో పార్టీ గడులన్నీ మళ్లీ ఉన్నాయి. ఆఖరి గడి: చూడదలచినది చూశారా? లోపాలుంటే రాయండి.

బస్సు మెట్టు మీద కూర్చుని రాశాను.

చూశాను. లోపాలు లేవు. మూడు ఒత్తులూ ఉన్నాయి.