పురుగుల పొడికి పెద్దపీట

పురుగుల్ని చంపే పొడిని రాగిపిండికి దూరంగా పెట్టమనేవాళ్లకు అతిథి మర్యాద తెలియదు! సముద్రాలు దాటి మన కోసం వచ్చిన సరుకును కొట్టు వెనకాల చీకటి గదిలో పడేస్తారా? మనుషులేనా మనం?

మైదుకూరు శానిటరీ ఇన్‌స్పెక్టరు తిమ్మయ్య సరిగ్గా ఇలాంటి మొరటు మనిషి. కర్నూలు రాజధాని గుడారాల్లో నడుస్తున్న ఆ రోజుల్లో ఆయన ఉద్యోగం మొత్తానికి ఒకటే రూలు. విషం డబ్బాకు వేరే గది, కొలవడానికి వేరే సోల, పైన ఎర్ర పుర్రె బొమ్మ. ఆ మూడూ ఉన్నాయంటేనే ఆయనకు కంటినిండా నిద్ర.

అంతలో మన దేశానికీ ఒక దొరల దేశానికీ వ్యాపార ఒప్పందం కుదిరింది. వాళ్లు మనకు పొడి పంపుతారు, మనం వాళ్లకు వేరుశనగ పంపాలి. అందులోనే ఒక షరతు: స్వదేశీ సరుక్కి లేని అవమానం విదేశీ సరుక్కి జరగరాదు. ఎంత గొప్ప మనసు!

ఆ కాగితం అందిన రోజే కిరాణా కొట్టు నాగసుబ్బయ్య శెట్టి పొడి డబ్బాను బయటికి తెచ్చి రాగిపిండి పక్కన కూర్చోబెట్టాడు. రెంటికీ ఒకటే సోల.

"శెట్టీ, అది విషమప్పా. జనం తినే పిండి పక్కన పెడతాండావే," అన్నాడు తిమ్మయ్య.

"నేను పెట్టలేదు సార్, ఒప్పందం పెట్టింది. పిండికి లేని గది దీనికెందుకు అంటాండారు పైవాళ్లు. పిండికి లేని పుర్రె గూడా వద్దంట," అంటూ శెట్టి బొమ్మను గీకేశాడు.

తిమ్మయ్యకు ఒళ్లు మండింది. రెండు రోజులు సంగటి సయించలేదు. మూడో రోజు ఒప్పందాన్ని మళ్లీ చదివితే దారి దొరికింది. అన్ని సరుకులకూ ఒకటే మర్యాద కదా కావాలి? అయితే అన్నిటికీ పుర్రె! బెల్లానికి పుర్రె, చింతపండుకు పుర్రె, ఉప్పు బస్తాకు, ఆవాల డబ్బాకు, చివరికి శెట్టి నశ్యం డబ్బీకి కూడా పుర్రె. జనం హడలిపోయి ఆ కొట్టు మొహం చూడరని ఆయన ధీమా.

మొదటి వారం నిజంగానే చూడలేదు. రెండో వారం అలవాటు పడ్డారు. మూడో వారం సంతకొచ్చినవాళ్లు పుర్రె బెల్లమే కావాలని పట్టుబట్టారు. "శానా తీపి ఉండాది," అని పక్క ఊళ్లకు కబురు కూడా పాకింది. ప్రగతి అంటే ఇది కాదా? విషమంటే జడుసుకునే మూఢనమ్మకం మైదుకూరులో మూడు వారాల్లో మాయమైంది.

కొట్టు వెనక వీధిలో ఉండే తిరుపతమ్మ కోళ్లకు మాత్రం ఈ ప్రగతి ఒంటబట్టలేదు. ఆమె ఆ కొట్టులో కొన్న రాగిపిండి చేటలోంచి రాలితే తిని, మూడుకు మూడూ కాళ్లు చాపేశాయి. మిగిలిన పిండి మూటగట్టుకుని ఆమె తిమ్మయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆమెను వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

అక్కడ శెట్టి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒప్పందం ప్రకారం తాను ఓడకెక్కించిన వేరుశనగ బస్తాలు వెనక్కొచ్చాయి. కొట్టులో ఉన్నప్పుడే వాటికి పొడి అంటిందట. తినే సరుకును ఆ పొడి ఉన్నచోట ఉంచడం వాళ్ల దేశంలో నేరమట! పొడి పంపిందీ వాళ్లే, బస్తాలు తిప్పి పంపిందీ వాళ్లే.

తిమ్మయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడేమంటావు శెట్టీ?"

"ఏమంటాను సార్, మీ రూలే రూలు."

సాయంత్రానికల్లా శెట్టి వెనక గది కడిగించి సున్నం కొట్టించాడు. తలుపుకు కొత్త తాళం, గుమ్మానికి కాపలా. లోపలికి పోయేవాళ్లు కాళ్లు కడుక్కోవాలి. తిమ్మయ్యకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. తన చేతులతోనే పొడి డబ్బాను ఎత్తుకుని ఆ గదివైపు నడిచాడు.

శెట్టి అడ్డం వచ్చాడు. "యాడికి సార్? అది ఈడనే ఉంటాది. ఆ గది ఈసారి ఓడకెక్కే చెనిక్కాయలకు. దొరలు తినేవి కదా."

డబ్బా మళ్లీ రాగిపిండి పక్కకు చేరింది. తిరుపతమ్మ ఆ తాళాన్ని కాసేపు చూసి తిమ్మయ్య వైపు తిరిగింది.

"అయ్యా, ఇంట్లో ఇద్దరు బిడ్లుండారు. వాళ్లు ఆ దేశం మనుషులని ఒక కాగితం రాసిస్తావా? అప్పుడు మా పిండి గూడా ఆ గదిలో పెడతాడేమో."