నర్సమ్మగారు ఓడిన తీరు

ఎన్నికల్లో ఆడవాళ్లకున్నంత సుఖం మగవాళ్లకు లేదు. పాపం, మగ అభ్యర్థి రోడ్లనీ నీళ్లనీ గొంతు పోయేదాకా అరవాలి. ఆడమనిషికి ఆ బెడద ఎక్కడిది? ఊరికే నిలబడితే చాలు, మిగతాదంతా జనమే మాట్లాడేస్తారు. నమ్మకపోతే నర్సమ్మగారి సంగతి వినండి.

పద్దెనిమిదేళ్లుగా వార్డు ఆసుపత్రిలో ఇంజెక్షన్లు వేస్తున్న మనిషి. ఏ వీధిలో మురుగు మంచినీళ్ల పైపులో కలుస్తోందో, వాంతులతో వచ్చిన పిల్లల్ని చూసే చెప్పగలరు. ఆఫీసుల్లో చెప్పీ చెప్పీ విసిగి, ఆ పైపులేవో తనే మార్పిద్దామని కౌన్సిలర్‌గా పోటీకి దిగారు.

"నవ్వాలమ్మా, ఓటరుకు సొంత అక్కలా కనబడాలి," అన్నాడు పార్టీ ఇన్‌చార్జి. నవ్వారు. మర్నాడు వచ్చి, "మరీ అంత నవ్వకండి, సీరియస్‌గా తీసుకోరు," అన్నాడు. పోస్టరులో చివరికి ఆవిడ సగమే నవ్వారు. పక్కన ఆవిడకంటే పెద్దగా వాళ్లాయన ఫొటో. వాచీలు బాగుచేసుకునే ఆ పెద్దమనిషికి గోడ మీద చూసేదాకా ఆ సంగతే తెలియదు.

"నన్నెందుకు వేశారయ్యా?"

"నమ్మకం కోసమండీ."

ఇంటింటికీ తిరిగి పైపుల మాటెత్తితే, "అది సరేగానీ తల్లీ, మీ ఆయన ఒప్పుకున్నాడా?" అనేది ఆ ఇంటి అత్తగారు. "వంట ఎవరు చేస్తున్నారండీ?" అనేది వెనకనుంచి కోడలు. ఆయనే చేస్తున్నారని ఒకచోట నిజం చెప్పారు. సాయంత్రానికల్లా వార్డంతా ఆయన మీద జాలిపడింది.

అవతల పోటీదారు ఫర్నిచర్ షాపు యజమాని. ఒకరోజు మూడేళ్ల కూతుర్ని ఎత్తుకుని ప్రచారానికొచ్చాడు. "అంకుల్, దింపు," అని ఆ పిల్ల ఒకటే ఏడుపు. అయినా, ఎంత బాధ్యతగల తండ్రో అని జనం కళ్లు తుడుచుకున్నారు.

పంతొమ్మిది ఓట్లతో నర్సమ్మగారు ఓడిపోయారు. చెల్లని ఓట్లు నలభై రెండు. అవెందుకు చెల్లలేదో చూపించమని పట్టుబట్టారు. అధికారి కాగితాలు బల్లమీద పరిచాడు. అన్నిటి మీదా ఆవిడ పేరు కొట్టేసి, పక్కన పెన్నుతో ఏదో రాసి ఉంది. ఒక్కొక్కటే తీసి నలభై రెండూ చదివారు. పక్కనే ఉన్న వాళ్లాయన తల దించుకున్నారు.

"ఇవన్నీ మా ఆయనకు వేసిన ఓట్లండీ," అన్నారు మెల్లగా.

"ఆయన పోటీలోనే లేరుగా," అన్నాడు అధికారి. "పైగా ఆయన పేరేమిటో ఒక్కరికీ తెలిసినట్టు లేదమ్మా. అందరూ ‘నర్సమ్మగారి ఆయన’ అనే రాశారు."