హాలు గేటు ముందు ప్రజాభిప్రాయ సేకరణ

ప్రజాస్వామ్యం ఎక్కడుందని ఇంకా వెతుకుతున్నారా? మీ అమాయకత్వానికో దండం! అది మా టౌన్‌లో సినిమా హాలు గేటు బయట, బజ్జీల బండికీ పంక్చర్ షాపుకీ మధ్యలో, చేతిలో మైకు పట్టుకుని నిలబడి ఉంది. శుక్రవారం వెళ్తే తప్పకుండా దొరుకుతుంది.

అందుకే, పాతికేళ్లు నిద్రపోయి లేచి సీక్వెల్ తీసేవాళ్లను ఎవరైనా తిడితే నేనూరుకోను. వాళ్లు ఈ దేశానికి చేస్తున్న సేవ మీకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెబుతాను, ఓపిక పట్టండి.

‘సరిగమ సర్వీసు’ అంటే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా చంటిపిల్లలు కూడా చప్పట్లు కొడతారు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అది పాతికేళ్ల కిందటి సినిమా, పాడుకుంటూ పోయే బస్సు కథ. తాళం కుదిరితే తప్ప డ్రైవరు గేరు మార్చడు. చిల్లర లేదన్న మాట కూడా కండక్టరమ్మ రాగం తీసే చెబుతుంది. పెళ్లికని ఆ బస్సెక్కిన బృందం చివరికి అన్నప్రాశనకు చేరుతుంది. మా వైపు బ్యాండు మేళం వాళ్లు ఇప్పటికీ ఆ పాట వాయించందే పెళ్లికొడుకును కదలనివ్వరు.

ఇప్పుడు దానికి రెండో భాగం వచ్చింది. డ్రైవరు జుట్టుకు రంగు, మోకాలికి పట్టీ. బస్సుకు ఏసీ. మన అడవి దారి మీద కంప్యూటర్ మంచు కురుస్తోంది. మన్యంలో మంచుగడ్డలు చూడాలని ఎన్నాళ్ల నుంచో ఎవరు కలలు కన్నారో నాకు తెలియదు. కనివుంటే వాళ్ల కల తీరింది.

బాగుందా, బాగాలేదా? అది కాదు ముఖ్యం. అడిగారా, లేదా? అదే ముఖ్యం!

పిచ్చయ్యను తీసుకోండి. మిర్చి పండిస్తాడు. అతని సరుకు నాణ్యత ఏమిటో యార్డులో అందరూ చెబుతారు, అతన్ని మాత్రం ఎవరూ అడగరు. అలాంటి పిచ్చయ్య ముందు మైకు పెట్టి మీ అభిప్రాయం ఏమిటని అడిగారండీ. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, “స్క్రీన్‌ప్లే లూజు. లెంగ్త్ ఎక్కువైంది. ఎమోషన్ పండలె. ఒకసారి చూడొచ్చు” అన్నాడు. ఆ క్షణంలో అతని ఛాతీ చూడాలి మీరు.

పున్నమ్మ సంగతి వినండి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ‘నువ్వేమంటవ్’ అన్న మాట ఆ ఇంట్లో ఆమె చెవిన పడలేదు. ఆ రోజు మైకు దొరికింది. “ఆ కండక్టరమ్మ అప్పట్ల నవ్వితే మనకు నవ్వొచ్చేది. ఇప్పుడు పళ్లు చూపెడుతున్నది, అంతే” అని మొదలుపెట్టి, డైరెక్టరు పుట్టుపూర్వోత్తరాల దాకా వెళ్లింది. మొగుడు వెనకాల సంచి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాడు. ఎన్ని మహిళా సదస్సులు పెడితే ఈ దృశ్యం వస్తుంది?

రిటైర్డ్ మాస్టారు సుబ్బరత్నం గారైతే, “నేనింకా చూడలేదు. అయినా నా అభిప్రాయం ఏమిటంటే...” అని అందుకున్నారు. చూడకుండా కూడా మాట్లాడొచ్చు! ఇంతకన్నా వాక్ స్వాతంత్ర్యం ఏం కావాలి?

ఇదే మాట టెంటు కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో చెప్పి చూడండి. అలాంటివాటికి నేనూ వెళ్లాను. కుర్చీలు వేస్తారు, మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారు, చుట్టూ లాఠీలు నిలబెడతారు. మన వంతు వచ్చేసరికి ‘క్లుప్తంగా’ అంటారు. ఊరి పేరు చెప్పి, ఇంటి పేరుకు వచ్చేలోపు మైకు పక్కవాడి చేతిలో ఉంటుంది. మన అభిప్రాయాన్ని ఎంత భద్రంగా సేకరిస్తారంటే, మళ్లీ ఎవరికీ కనపడదు.

హాలు ముందు అలా కాదు. మనం పారిపోతున్నా మైకు వెంటపడుతుంది.

లాలి వెంట అలాగే పడింది.

లాలిది ఎర్రచెలక తండా. సినిమాకు రాలేదు. వాళ్ల తండాకు బస్సు తిరిగి వేయమని బస్సు డిపో ఆఫీసులో అర్జీ ఇచ్చి, వెళ్లడానికి ఆటో కోసం హాలు ముందు నిలబడింది. కిందటి వానల్లో కల్వర్టు కొట్టుకుపోయిందని బస్సు ఆపారు. కల్వర్టు కట్టారు. బస్సు రాలేదు. కట్టినవాళ్లకు బస్సు సంగతి తెలియదట, బస్సు వాళ్లకు కట్టిన సంగతి తెలియదట. లాలి కూతురు సరళ ఇంటర్ చదువుతోంది. మెయిన్ రోడ్డు దాకా నడిచి ఆటో పట్టుకునేసరికి రోజూ మొదటి క్లాసు పోతోంది. హాజరు తగ్గితే హాల్ టికెట్ ఇచ్చేది లేదని కాలేజీ వాళ్లు తేల్చేశారు.

యూట్యూబ్ ఛానల్ యాంకర్ దీపికకు ఇదంతా ఎలా తెలుస్తుంది? హాలు ముందు మనిషి కనపడింది, మైకు పెట్టింది. నేను పక్కనే బజ్జీ తింటున్నాను కాబట్టి అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

“అక్కా, బస్సు ఎట్లుంది?”

“ఏ బస్సు?”

“అదే అక్కా, రెండోది.”

“మొదటిదే వస్తలేదు. ఇంక రెండోది యాడికెళ్లి వస్తది?”

దీపిక కళ్లు మెరిశాయి. “అంటే మొదటిదే బాగుండె అంటవా?”

“అవ్. అది మంచిగుండె. పొద్దుగాల వచ్చేది, పొద్దుమూకంగ తిరిగొచ్చేది. పిల్లలు సుఖంగ పోయొచ్చేటోళ్లు.”

“రెండోదానితో కనెక్ట్ కాలేదా అక్కా?”

“ఏం కనెక్షన్ బిడ్డా? మెయిన్ రోడ్డు దాకా నడుసుడే.”

“స్టార్లు ఎన్నిస్తవ్?”

“ఏందవి?”

“చుక్కలక్కా, చుక్కలు.”

“మస్తు. నా బిడ్డ కాలేజీ నుంచి ఇల్లు చేరేసరికి ఆకాశం నిండ అవే.”

సాయంత్రానికి వీడియో వచ్చింది. ‘మొదటిదే రావట్లేదు, రెండోది ఎందుకు? తండా మహిళ సంచలన రివ్యూ!’ లక్షలమంది చూశారు. ఆమె మాటల్లో వ్యంగ్యం అద్భుతమని ఒకరు రాశారు. సీక్వెల్ అనే భావన మీదే తిరుగుబాటని ఇంకొకరు. ‘నడుసుడే’ అంటే కథనం నడక గురించేనని ఒక మేధావి పేజీడు వివరించాడు. బస్సు అంటే బస్సేనని మాత్రం ఒక్కడికీ తట్టలేదు.

ఇక్కడే నా వాదనకు అసలు బలం దొరికింది. చిత్ర బృందం స్పందించింది! ఆఫీసులో ‘పరిశీలనలో ఉంది’ తప్ప ఇంకో మాట వినని లాలికి, నిర్మాత కెమెరా ముందు చేతులు జోడించాడు. ప్రేక్షకుల అభిప్రాయం శిరోధార్యమన్నాడు. ఆ తల్లి లోటు చెప్పింది, తీరుస్తామన్నాడు. తీర్చాడు కూడా! వచ్చే శుక్రవారానికల్లా సినిమాలో కొత్త సీన్ చేరింది. సరిగమ సర్వీసు అడవిలో మలుపు తిరిగి ఒక తండాకు వస్తుంది. పుస్తకాల సంచితో ఒక పిల్ల పరుగెత్తుకొస్తుంది. డ్రైవరు బ్రేకేసి, పాట ఆపి, ఆమె కోసం ఆగుతాడు.

హాలు ఓనరు ఉదయ్ భాస్కర్ ఆ సీన్ చూపించడానికి తల్లీకూతుళ్ల కోసం కారు పంపించాడు. బాగుచేసిన కల్వర్టు మీద తండాలోకి వెళ్లిన మొదటి పెద్ద బండి అదేనట. కారు పట్టిందంటే దారి బాగానే ఉన్నట్టు కదా? సినిమా వల్ల రోడ్డు తనిఖీ కూడా అయిపోయింది!

నేను వాళ్ల పక్క సీట్లోనే కూర్చున్నాను. ఆ పిల్ల బస్సెక్కగానే హాలంతా ఈలలు. సరళ ఈల వేయలేదు. తెర వైపే చూస్తూ, “అమ్మా, ఇది రోజూ వస్తదా?” అంది.

“వస్తదే. రోజుకు నాలుగు ఆటలు” అంది లాలి.

బయటికి రాగానే దీపిక మళ్లీ మైకుతో సిద్ధం. ఈసారి లాలి వెంట పడాల్సిన పని లేకపోయింది. కొంగు సర్దుకుని తనే ముందుకొచ్చింది.

“ఇప్పుడు చెప్పక్కా, బస్సు ఎట్లుంది?”

“మంచిగున్నది. ఒకసారి చూడొచ్చు. ఆ పిల్ల కోసం ఆపిన్రు గద, గట్లనే మా సరళ కోసం గూడ ఒక బస్సు పంపుమని చెప్పు బిడ్డా. ఎర్రచెలక తండా. దీని పరీచ్చలు దగ్గరకొచ్చినయ్.”

చూశారా! ఊరి పేరు చెప్పింది, సమస్య చెప్పింది, ఎవరూ లాఠీ చూపించలేదు, మైకు లాక్కోలేదు. ఇదే కదా నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది? ఆ రాత్రి వీడియో కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

వచ్చింది. “మంచిగున్నది. ఒకసారి చూడొచ్చు” దగ్గర ఆగిపోయింది. మిగతాది ఏదమ్మా అని దీపికకు ఫోన్ చేశాను.

“లెంగ్త్ ఎక్కువైందన్నా” అంది.