గడప దాటిన సూట్‌కేసు

గురువారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు విజయలక్ష్మి సూట్‌కేసు గంగోత్రి యాత్రకు బయలుదేరింది. విజయలక్ష్మి మాత్రం బయలుదేరలేదు. ఏ బండిలో వెళ్లాలో ఆమె భర్త నరసయ్య ఇంకా తేల్చలేదు.

ఇదేం చోద్యం అనుకోకండి. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. బయలుదేరే నాటికి మంచి ఘడియ లేకపోతే, ఉన్న రోజునే సామాను ఒకటి తీసుకెళ్లి వేరే వాళ్ల ఇంట్లో పెట్టేస్తారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనుషులు తర్వాత వీలు చూసుకుని వెళ్లి ఆ సామాను అందుకుంటారు. నియమం ఒక్కటే, గడప దాటిన సామాను యాత్ర ముగిసే దాకా మళ్లీ ఇంటి గడప తొక్కకూడదు. ఆ గురువారం తప్పితే ఇంకో పది రోజుల దాకా ముహూర్తమే లేదని పంతులు ఖరాఖండిగా చెప్పాడు. దీపావళి మర్నాడు గంగోత్రి గుడి తలుపులు మూసేస్తారు. దీపావళి ఇంక పదిహేను రోజులే ఉంది.

యాత్ర చిన్నదేం కాదు. హిమాలయాల్లో గంగోత్రికి వెళ్లి, అక్కడి నీళ్లు చెంబులో పట్టుకుని, దేశం ఆ కొస నుంచి ఈ కొసకు దిగి, సముద్రంలో ఉన్న రామేశ్వరం దీవిలో శివుడికి అభిషేకం చేయించాలి. అదీ దంపతులిద్దరూ కలిసి. నాలుగేళ్ల కింద నరసయ్యకు గుండెనొప్పి వచ్చి తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నప్పుడు, ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని విజయలక్ష్మి మొక్కిన మొక్కు ఇది. ఆయన లేచాడు, తిరుగుతున్నాడు, దొంగచాటుగా మిర్చి బజ్జీలు కూడా లాగిస్తున్నాడు. మొక్కు మాత్రం అట్లాగే ఉంది. ఇప్పుడు ఆమె మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఈ ఏడు పోకపోతే ఇక పోయేది లేదని ఆమెకు తెలుసు, ఆ భయంతో రాత్రిళ్లు సరిగ్గా నిద్ర కూడా పట్టడం లేదు.

అడ్డమల్లా నరసయ్యే. సూర్యాపేటలో బియ్యం, పప్పుల దుకాణం నడిపే ఈ పెద్దమనిషి పది బస్తాల్లో చెయ్యి పెట్టి గింజ నలిపి చూడనిదే ఒక్క బస్తా కొనడు. దుకాణంలో ఆ అలవాటు మంచిదే. ప్రయాణం దగ్గరికొచ్చేసరికి అది భార్య ప్రాణం తోడేసింది. రైలు మంచిదా, విమానం మంచిదా, కారా, బస్సా అని మూడు వారాలుగా కనపడ్డవాడినల్లా అడిగాడు. పాలవాడిని అడిగాడు. కళ్ల డాక్టరును అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక నల్లగొండ దాటని ఈదయ్య మేస్త్రిని కూడా కూర్చోబెట్టి చాయ్ పోసి మరీ అడిగాడు.

కోదాడలో రాజారత్నం అనే ఆయన ఏటా గంగోత్రి నుంచి రామేశ్వరం దాకా యాత్ర బస్సు నడుపుతాడు, వంటవాళ్లతో సహా. అందులో పోదామని విజయలక్ష్మి మొదటి రోజే అంది. "నెల రోజులు బస్సుల కూసుంటే నడుం పడిపోతదని ఈదయ్య అన్నడు" అని నరసయ్య ఆ మాట అక్కడికక్కడే కొట్టిపారేశాడు.

"ఏ బండో తేలకముందే సూట్‌కేసు ఎటు పంపిస్తరండీ?" అని ఆ గురువారం పొద్దున ఆమె అడిగింది.

"రైలే అనుకుంటున్న. మన ఊరికి రైలు లేదు గద, మిర్యాలగూడల ఎక్కాలె. గాడ జమున ఇంట్ల పెడదం. జానయ్య ట్రాలీ ఎట్లాగూ బియ్యం తేనికి మిల్లుకు పోతున్నది."

"అనుకుంటున్న అంటే?"

"నూటికి తొంబై పాళ్లు రైలే."

"మిగిలిన పది పాళ్లు?"

"ముహూర్తం దాటిపోతున్నది విజయా, జర ఊకో!"

జమున నరసయ్య చెల్లెలు. మిర్యాలగూడలో వాళ్లది రైసు మిల్లు. ఇద్దరి బట్టలు, బీపీ గోలీలు, రాగి చెంబు, మోకాళ్ల పట్టీలు, రెండు ఆధార్ కార్డులు, అన్నీ ఆ సూట్‌కేసులోనే సర్ది తాళం వేసి, తాళంచెవి పుస్తెలతాడుకున్న పిన్నీసుకు తగిలించుకుంది విజయలక్ష్మి. దుకాణానికి సరుకు తోలే జానయ్య ట్రాలీ ఆటోలో, ఖాళీ గోనె సంచుల మీద కూర్చుని సూట్‌కేసు దర్జాగా వెళ్లిపోయింది.

పదకొండింటికి హైదరాబాద్ నుంచి కొడుకు పృథ్వీ ఫోన్ చేశాడు. "నాన్నా, డెహ్రాడూన్‌కు ఫ్లైట్‌ల రెండే సీట్లున్నయ్. గాడికెళ్లి గంగోత్రికి కారు. ఆధార్‌ల పేర్లు ఎట్లున్నయో అట్లనే కొట్టాలె, యాత్ర రిజిస్ట్రేషన్‌కు గూడ కావాలె. ఫొటో తీసి పంపుండ్రి."

నరసయ్య ముఖం వెలిగిపోయింది. "విమానమైతే మోకాళ్లకు సుఖం విజయా! నేను మొదటి నుంచి అనుకుంటనే ఉన్న."

"ఆధార్ కార్డులు మిర్యాలగూడ పోయినయ్" అంది విజయలక్ష్మి.

జమునకు ఫోన్ చేశారు. "ప్రస్థానం పెట్టిన సామాను నేను తెరుస్తనా అన్నా? ఆ పాపం నాకెందుకు? అయినా వదిన తాళం ఏసి పంపింది" అని ఆమె చేతులెత్తేసింది. చేసేదేం లేక, జానయ్యనే బతిమాలి సూట్‌కేసును వెనక్కి రప్పించారు.

మూడున్నరకు ట్రాలీ గేటు ముందు ఆగింది. "సేటూ, యాడ దించాలె?" అన్నాడు జానయ్య.

"గేటు లోపలికి తేకు! గోడ పక్కన గూడ వద్దు, అది మన జాగానే. ఇంకా అవతలికి. ఇంకా!"

అవతలికి, అవతలికి అంటూ చివరికి కరెంటు స్తంభం దగ్గర రోడ్డు అంచున దించారు. నొప్పి పెట్టే మోకాళ్ల మీద వంగి, వచ్చేపోయే స్కూటర్ల వాళ్లందరూ తన చీరలు చూస్తుండగా విజయలక్ష్మి సూట్‌కేసు తెరిచి ఆధార్ కార్డులు తీసింది. సిగ్గుతో, కోపంతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఫొటోలు వెళ్లాయి. "బుక్ చెయ్యనా?" అన్నాడు పృథ్వీ.

"ఆగు బిడ్డా. విమానం ఎక్కితే గుండెకు మంచిదో కాదో డాక్టర్ సాబ్‌ను ఒక మాట అడిగి చెప్త."

డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడట. నలభై నిమిషాలు ఆగమన్నారు. నలభై నిమిషాల తర్వాత ఆయన "హాయిగా పొండి" అన్నాడు. ఈలోగా ఆ రెండు సీట్లలో ఇంకెవరో హాయిగా పోవడానికి సిద్ధమైపోయారు. పృథ్వీ టక్కున ఫోన్ పెట్టేశాడు.

"పోనీ తీయ్, రైలే నయం" అన్నాడు నరసయ్య. "సూట్‌కేసు మళ్ల జమున ఇంటికే పంపుదం. నువ్వు గీడనే కావలుండు. జానయ్య యాడున్నడో సూసొస్త." చెప్పులేసుకుని బజారు దిక్కు వెళ్లిపోయాడు.

ఇంట్లోకి తీసుకుపోవడానికి లేదు, వదిలి పోవడానికి లేదు. విజయలక్ష్మి సూట్‌కేసు మీదే కూలబడింది. పక్క సందులో మిరపకాయలు పట్టే కారం గిర్నీ నడుస్తోంది. ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఎదురింటి సత్తెమ్మ కూరగాయల సంచితో వచ్చింది. ఆ వీధిలో ఏ కబురైనా సత్తెమ్మ చేతుల మీదుగా పోవలసిందే.

"అయ్యో అక్కా! సామాను సదురుకున్నవేంది? ఏడుస్తున్నవేంది?"

"ఏడుస్తలేను సత్తెమ్మా. కారం గిర్నీ ఘాటు."

"నాకు తెల్వదా అక్కా! మా ఆయనతోని ఏగలేక ముప్పై ఏండ్లు నేను గూడ కారం ఘాటనే చెప్పిన." ఆమె గొంతు తగ్గించింది. "చెయ్యి చేసుకున్నడా?"

"రామ రామ! అదేం లేదు. ఆయనతోని విసిగిపోయిన, అంతే."

ఇంత చిన్న నిజం చాలు సత్తెమ్మకు. ఆమె చెల్లెలిది కోదాడ. విజయలక్ష్మి తమ్ముడు ఉమేష్ ఇల్లు ఆ చెల్లెలి ఇంటికి రెండిళ్ల అవతల. గంట తిరిగినా నరసయ్య రాలేదు గానీ, ఉమేష్ కారు మాత్రం వచ్చి కరెంటు స్తంభం పక్కన కీచుమని ఆగింది.

"అక్కా! నీకెవరూ లేరనుకున్నాడా బావ? నేను చచ్చాననుకున్నాడా? ఇన్నేళ్లు సంసారం చేశాక నడిరోడ్డున కూర్చోబెడతాడా?"

విజయలక్ష్మి నోరు తెరిచింది. అంతా చెబుదామనే తెరిచింది. మూడు వారాల విసుగంతా గొంతు దాకా వచ్చింది. అంతలో ఏమనిపించిందో, నోరు మూసుకుంది.

"ఏ బండి తెచ్చినవ్ రా?"

"కారక్కా."

"సూట్‌కేసు డిక్కీల పెట్టు."

ప్రయాణానికి బండి ఎంచుకోవడానికి ఆమెకు పట్టిన సమయం అంతే.

మునగాల దగ్గర ధాబాలో చాయ్ తాగుతూ తమ్ముడికి నిజం చెప్పింది. ఉమేష్ పొలమారి, చాయ్ సగం చొక్కా మీద పోసుకుని, నవ్వాగక టేబుల్ పట్టుకున్నాడు. "పాపం బావ! ఉండు, ఫోన్ చేసి చెప్తాను."

"చేసినవంటే నీ ఇంటికి రాను. రాజారత్నం బస్సు ఎప్పుడు?"

"రేపు పొద్దున ఆరింటికి."

రాజారత్నం ఆదివారం తప్పకుండా చర్చికి పోతాడు. మిగిలిన ఆరు రోజులూ గంగోత్రి, కాశీ, రామేశ్వరం గుళ్ల వేళలు ఆయన నాలుక మీద ఉంటాయి. ఇప్పటికి పదహారు సార్లు తిప్పాడు. ఆ సాయంత్రమే వెళ్లి కలిస్తే, జ్వరాలొచ్చి ఒక జంట ఆగిపోయిందని, రెండు సీట్లున్నాయని చెప్పాడు. విజయలక్ష్మి రెండు ఆధార్ కార్డులూ ఆయన ముందు పెట్టింది. "ఇద్దరి పేర్లూ రాయుండ్రి" అంది.

"బావ రాకపోతే?" అన్నాడు ఉమేష్.

"వస్తడు."

రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆమె ఫోన్‌లో పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆమెకు జాలి వేసింది. తిన్నాడో లేదో, గోలీలన్నీ సూట్‌కేసులోనే ఉన్నాయి. ఇక ఆపుకోలేక ఫోన్ చేయబోతుండగా ఆయన దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది. "నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోయినవని సత్తెమ్మ అంటున్నది. అట్ల చెయ్యకు విజయా. ఇగ కారే ఖాయం. ఇన్నోవా మంచిదో ఎర్టిగా మంచిదో ఉమేష్‌ను అడిగి చెప్పు."

విజయలక్ష్మి ఫోన్ స్విచాఫ్ చేసి పడుకుంది. మూడు వారాల తర్వాత ఆ రాత్రే ఆమెకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

తెల్లారి నాలుగున్నరకు ఉమేష్ బావకు ఒకే ఒక్క ముక్క చెప్పాడు. "అక్క ఆరింటికి కోదాడ బస్టాండు ముందు బస్సెక్కి పోతోంది బావా. మాట్లాడేదేమైనా ఉంటే వచ్చి మాట్లాడుకో."

ఆరుకు అయిదు నిమిషాలుందనగా జానయ్య ట్రాలీ వచ్చి బస్సుకు అడ్డంగా ఆగింది. అందులోంచి లుంగీ మీద, దువ్వని తలతో నరసయ్య దూకాడు. కిటికీ పక్కన కూర్చున్న భార్యను చూసి రెండు చేతులూ జోడించాడు. ముప్పై మంది యాత్రికులు తలలు బయట పెట్టారు.

"నేను తాగుతనా విజయా? తిడతనా? ఏం తప్పు జేసిన్నో చెప్పు!"

"పాపం, దిగమ్మా" అన్నారు యాత్రికుల్లో ఒకరిద్దరు.

ఎర్రబడ్డ ఆయన కళ్లు చూసి విజయలక్ష్మి గుండె నీరైంది. కోపం మాత్రం అంగుళం కూడా తగ్గలేదు. "లోపలికి రాండ్రి, చెప్త."

నరసయ్య గబగబా మెట్లెక్కాడు.

"కూసోండ్రి."

పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె ముందుగా బీపీ గోలీ, నీళ్ల సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన మింగే దాకా ఆగింది.

"మీరు తొమ్మిది రోజులు ఐసీయూల పండుకుంటే నేను మొక్కిన. ఆ దినం ఎవ్వర్నన్న అడిగిన్నా? మొక్కుదునా, వద్దా, ఏ దేవుడు మంచోడు, ఎంత దూరం పోవాలె అని పాలవాణ్ణి అడిగిన్నా? ఈదయ్య మేస్త్రిని అడిగిన్నా? మీరు బతకాలనుకున్న, మొక్కిన. అంతే. గా మొక్కు తీర్చనికి మీకు నాలుగేండ్లు చాలలే."

నరసయ్య తల వంచుకుని చేతిలోని నీళ్ల సీసా మూత బిగిస్తూ, విప్పుతూ ఉండిపోయాడు. ముందు సీటు ముసలమ్మ ముక్కు చీదింది. జానయ్య ఎవరూ చెప్పకుండానే ట్రాలీ పక్కకు తీశాడు. రాజారత్నం తలుపు వేసి డ్రైవరు భుజం తట్టాడు.

బస్సు ముందు ఎవరో కొబ్బరికాయ కొట్టిన చప్పుడుకు నరసయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. "విజయా, బస్సు కదులుతున్నది."

"అవు."

"నేను లుంగీ మీదున్న."

"మీ బట్టలన్నీ సూట్‌కేసులున్నయ్."

"దుకాణం?"

"పృథ్వీ వస్తున్నడు. రాత్రే చెప్పిన."

ఆయన కాసేపు కిటికీలోంచి వెనక్కి పోతున్న కోదాడను చూశాడు. సీటు నొక్కి చూశాడు. కాళ్లు చాపి చూశాడు. తర్వాత నెమ్మదిగా ముందుకు వంగి, "రాజారత్నం గారూ, ఈ బస్సు ఏ తొవ్వల పోతది?" అని అడిగాడు.

"హైదరాబాద్ మీదుగా నాగపూర్ అండీ. ముందు గంటలో సూర్యాపేట వస్తుంది, బైపాస్ దగ్గర మనవాళ్లు ఆరుగురు ఎక్కుతారు. అసలు మీరిద్దరూ కూడా అక్కడే ఎక్కి ఉండొచ్చు కదండీ?"

సూర్యాపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది గానీ, విజయలక్ష్మి ఆయన్ని దిగనివ్వలేదు.