బోరు మోటారు గడిలో టార్పెడో

దరఖాస్తు గడిలో పట్టని వస్తువు ఈ సృష్టిలో లేదు. నీట మునిగే యంత్రాల జిల్లా వర్గీకరణ కార్యాలయం ఈ సిద్ధాంతం మీదే నడుస్తోంది. (కార్యాలయానికి తాగునీళ్లు మాత్రం క్యాన్లలో వస్తాయి.)

మడికొండలో సాంబయ్య ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. అతను చుట్టిన మోటారు మళ్లీ కాలిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ఆ పేరు విని, తీరంలోని ఒక కంపెనీ, నౌకాదళం సాధన కోసం, నీటి అడుగున దూసుకెళ్లి ఓడను కొట్టే టార్పెడో ఒకటి చేసిపెట్టమంది. పొడవాటి ఉక్కు గొట్టం, లోపల బ్యాటరీ, మోటారు, తోకకు పంకా, ముక్కులో మందుగుండు బదులు ఇసుక. మునిగే మోటారే కదా, నీళ్లు తోడే బదులు తానే ఉరుకుతుందనుకుని సాంబయ్య మూడు నెలలు తిండీ నిద్రా మరిచి చేశాడు. తన చేతిపని సముద్రం చూడబోతోందని పొంగిపోయాడు. జిల్లా దాటించడానికి ధ్రువపత్రం ఒక్కటే తక్కువైంది.

వర్గీకరణాధికారి రాజేశ్వర్ రావు దరఖాస్తు విప్పాడు. బరువైనదా, తేలికదా? కరెంటుదా, ఇంధనానిదా? ఇంతవరకూ సాఫీగానే సాగింది. దారి చూపేదెవరు అన్న గడి దగ్గర చిక్కొచ్చింది. మొదట ఓడ నుంచి సన్నని తీగలో ఆదేశాలు అందుతాయని, దగ్గరికి వెళ్లాక ఎదుటి ఓడ చప్పుడు విని తానే వెంటపడుతుందని సాంబయ్య వివరించాడు. తీగ ఉంది కనుక లైన్‌మన్ సంతకం కావాలన్నాడు అధికారి. తానే వెళ్తుంది కనుక, అనుమతి లేకుండా వెళ్లనని అది హామీపత్రం ఇవ్వాలన్నాడు. (వేలిముద్ర పడకపోతే ఇద్దరు సాక్షులు చాలు.) దింపే చోటు సముద్రమని రాస్తే, అది ఏ మండలమని కంప్యూటర్ అడిగింది.

ఇంట్లో ఈ గోలంతా విని సాంబయ్య భార్య శకుంతల విసుక్కుంది. "బోరు మోటారని రాయరాదు? మా తమ్ముని బాయి సర్వే నంబరెయ్యి" అంది.

అలా రాయగానే మర్నాడే ధ్రువపత్రం వచ్చేసింది. షరతు ఒక్కటే: యంత్రాన్ని ఆ సర్వే నంబరులో దింపి, పక్కన రైతును నిలబెట్టి ఫోటో పంపాలి. ఆ బావి దగ్గర బావమరిది యాకయ్య తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. టార్పెడో బావిలోకి దిగింది. ఫోటో చాలా బాగా వచ్చింది.

పైకి తీద్దామంటే, పొలంలో పంట ఉండగా మోటారు కదిలించరాదని నిబంధన. వరి అప్పుడే నాటారు.

"సారూ, అది సముద్రానికి పోవాలె. ముప్పై ఏండ్ల పనితనం సారూ అది" అన్నాడు సాంబయ్య. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"రైతు ముఖ్యం గదా సాంబయ్యా" అన్నాడు రాజేశ్వర్ రావు ఎంతో ఆప్యాయంగా. కంపెనీ ఇంకో టార్పెడోను వేరేచోట చేయించుకుంది.

బావి ఉన్న మండలంలోకి ఈ ఏడాది ఒక్క శత్రునౌక కూడా రాలేదని కార్యాలయ వార్షిక నివేదికలో నమోదైంది. అందుకు రాజేశ్వర్ రావుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అదే రోజు సాంబయ్యకు నోటీసు అందింది: సదరు మోటారు ఇంతవరకు చుక్క నీరు పోయలేదు గనుక, మెకానిక్‌గా మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయరాదో ఏడు రోజుల్లో తెలుపగలరు.